సీతమ్మధార మేడమీద కార్క్ నగరం: ఐదు ఆదివారాల తరగతికి వెళ్లివచ్చాక

విదేశాలకు పిల్లలను పంపే తల్లిదండ్రులకు విశాఖపట్నంలో సలహాలకు కొదవ లేదు. ద్వారకానగర్‌లో ఏ మేడ ఎక్కినా వీసా కాగితాలు ఎలా నింపాలో, బ్యాంకు రుణానికి ఏ హామీ చూపాలో, ఆవకాయ సీసా కారకుండా పెట్టెలో ఎలా సర్దాలో చెప్పేవారు దొరుకుతారు. పిల్ల వెళ్లి ఉండబోయే ఊరు ఎప్పటిది, దాన్ని ఎవరు కట్టారు, ఎవరు తగలబెట్టారు, అక్కడివారు ఎవరి పేరు వింటే గొంతు తగ్గించి మాట్లాడతారు అన్న సంగతులు మాత్రం ఎవరూ ఎత్తరు. మా అమ్మాయికి ఐర్లండ్‌లోని యూనివర్సిటీ కాలేజ్ కార్క్‌లో సీటు వచ్చినప్పుడు నాకు ఆ ఊరి పేరు తప్ప మరేమీ తెలియదు. అది సీసాకు బిగించే బిరడా పేరులా ఉందని మా ఆవిడ నవ్వింది.

అలాంటి సమయంలో, సీతమ్మధారలో రైతుబజారుకు కొంచెం దూరాన ఒక ఇంటి మేడమీద, పదవీ విరమణ చేసిన చరిత్ర అధ్యాపకులొకరు కార్క్ నగర చరిత్ర మీద ఐదు ఆదివారాల తరగతి నడుపుతున్నారని తెలిసి చేరాము. మనిషికి 1,500 రూపాయలు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు వస్తే 2,500. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు తరగతి, మధ్యలో టీ. మా జట్టులో మొత్తం పద్నాలుగు మంది ఉన్నాము. తొమ్మిది మంది విద్యార్థులు, మిగిలినవాళ్లం వారిని దింపడానికి వచ్చి అక్కడే కూర్చుండిపోయిన తల్లిదండ్రులం. నిజానికి ఈ సమీక్ష రాయాలన్న ఆలోచన మొదటిరోజే పుట్టింది కానీ, ఐదు వారాలూ పూర్తి కాకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదని ఆగాను.

నేను విశాఖపట్నం పోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. అందువల్ల మొదటి తరగతి నాకు అందరికంటే ఎక్కువ నచ్చి ఉండవచ్చు. పాఠకులు ఆ పక్షపాతాన్ని తీసివేసి చదువుకోవచ్చు. మాస్టారు రాజుల పేర్లతో కాక బురదతో మొదలుపెట్టారు. కార్క్ అన్న పేరే ఐరిష్ భాషలో చిత్తడినేల అని అర్థమిచ్చే మాట నుంచి వచ్చిందట. లీ నది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేచోట, ఆ పాయల నడుమ ఉన్న లంకల మీద ఊరు పెరిగింది. పూర్వం ఫిన్‌బార్ అనే సాధువు మఠం స్థాపించాడన్న ఐతిహ్యం, ఆ తరువాత ఓడల మీద వచ్చి స్థిరపడిన వైకింగులు, 1185లో ఇంగ్లండు రాకుమారుడు జాన్ ఇచ్చిన నగర శాసనం, ఇవన్నీ పది నిమిషాల్లో దాటేసి, ఆయన నేరుగా వీధుల దగ్గరికి వచ్చారు. ఈనాడు కార్క్‌లో ప్రధాన వీధి అయిన సెయింట్ పాట్రిక్స్ స్ట్రీట్ తిన్నగా ఉండక విల్లులా ఎందుకు వంగి ఉంటుందని అడిగి, జవాబు మాచేతనే చెప్పించారు: అది ఒకప్పుడు వీధి కాదు, నది పాయ. పద్దెనిమిదో శతాబ్దంలో పాయలను ఒక్కొక్కటిగా పూడ్చి, పైన కప్పు వేసి వీధులు చేశారు. సౌత్ మాల్ అనే వీధిలో కొన్ని పాత ఇళ్లకు గుమ్మం ఎత్తు మీద ఉండి మెట్లు ఎక్కి వెళ్లవలసి రావడం, కింద మరో ద్వారం ఉండడం ఎందుకంటే, వ్యాపారి పడవ సరాసరి ఇంటి కిందికి వచ్చి సరుకు దింపేది. మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. ఆటుపోట్లకు మునిగితేలే చిత్తడిని తవ్వి తీసిన చోటనే కదా మన లోపలి హార్బరు ఉంది, 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ వచ్చింది అక్కడికే కదా. వారు నీటిని పూడ్చి నేల చేసుకున్నారు, మనం నేలను తవ్వి నీరు చేసుకున్నాము అని నేను అంటే మాస్టారు ఆ మాటను బోర్డు మీద రాశారు. నాకు కొంచెం గర్వం కలిగిందని ఒప్పుకోవాలి.

ఈ తరగతి బలమంతా ఇక్కడే ఉంది. ఒక మనిషి గురించి చెప్పేటప్పుడు ఆయన ఏ వీధిలో ఉన్నాడో, ఆ వీధి ఈరోజు ఎలా ఉందో, మన పిల్ల బస్సు దిగి నడిచేటప్పుడు అది ఏ పక్కన పడుతుందో మాస్టారు చెప్పిన ప్రతిసారీ పాఠం నిలిచింది. అలా చెప్పకుండా వదిలేసినప్పుడల్లా పాఠం పోటీ పరీక్షల గైడుపుస్తకంలా మారిపోయింది.

నాలుగో ఆదివారం 1920 సంవత్సరం గురించి జరిగిన తరగతి ఐదింటిలోనూ ఉత్తమమైనది. ఐర్లండ్ బ్రిటిష్ పాలన నుంచి స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న ఆ ఒక్క ఏడాదిలో కార్క్ ఇద్దరు మేయర్లను, నగర భవనాన్ని, గ్రంథాలయాన్ని పోగొట్టుకుంది. టోమాస్ మాక్ కర్టెన్ జనవరిలో లార్డ్ మేయర్‌గా ఎన్నికయ్యాడు. మార్చి 20న, సరిగ్గా తన ముప్పై ఆరో పుట్టినరోజున, ముఖాలకు మసి పూసుకుని వచ్చినవారు బ్లాక్‌పూల్ ప్రాంతంలోని ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. మరణ విచారణకు కూర్చున్న పౌరుల జ్యూరీ ఆ హత్యకు పోలీసులతోపాటు బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్‌ను కూడా బాధ్యుడిగా పేర్కొంది. మాక్ కర్టెన్ స్థానంలో మేయరైన టెరెన్స్ మాక్‌స్వీనీ నాటకాలు రాసినవాడు, ఉపాధ్యాయుడు. ఆగస్టు 12న ఆయనను నగర భవనంలోనే అరెస్టు చేశారు. లండన్‌లోని బ్రిక్‌స్టన్ జైలులో 74 రోజుల నిరాహారదీక్ష తరువాత అక్టోబరు 25న ఆయన మరణించాడు. డిసెంబరు 11 రాత్రి ఆగ్జిలరీలు, బ్లాక్ అండ్ టాన్‌లు అనే బ్రిటిష్ ప్రభుత్వపు పోలీసు దళాలు కలిసి ఊరి నడిబొడ్డును తగలబెట్టారు. పాట్రిక్స్ స్ట్రీట్‌లో ఒక పక్కనున్న దుకాణాలు, నది అవతల నగర భవనం, దాని పక్కనున్న కార్నెగీ గ్రంథాలయం కాలిపోయాయి. ఈనాడు అక్కడ కనిపించే నగర భవనం 1930లలో తిరిగి కట్టినది.

ఈ కథ చెప్పేటప్పుడు మాస్టారు గొంతు పెంచలేదు, చేతులు ఊపలేదు. తెరమీద ఆ వీధి పాత ఫోటో, కాలిన తరువాతి ఫోటో, ఇప్పటి ఫోటో ఒకదాని తరువాత ఒకటి పెట్టి ఊరుకున్నారు. ఆ తరువాత లాహోరు జైలులో 63 రోజులు దీక్ష చేసి 1929 సెప్టెంబరు 13న మరణించిన జతీంద్రనాథ్ దాస్ గురించి చెప్పి, అప్పుడు మాక్‌స్వీనీ కుటుంబం నుంచి భారతదేశానికి సంతాపపు తంతి వచ్చిందని చెప్పారు. గదిలో ఎవరో పొట్టి శ్రీరాములు గారి పేరు ఎత్తారు. ఎత్తకుండా ఎలా ఉంటారు! 58 రోజులు తిండి మాని ప్రాణం వదిలిన మనిషి త్యాగంతో రాష్ట్రం ఏర్పడిన జాతికి 74 రోజులు అన్న అంకె చెవిలో పడితే అది వట్టి అంకెగా ఉండదు. అక్కడ కూడా మాస్టారు తొందరపడి పోలికలు కట్టలేదు. ఒకరు పరాయి పాలకుల జైలులో, మరొకరు స్వతంత్ర దేశంలో ఒక ఇంటిలో దీక్ష చేశారన్న తేడాను గుర్తుచేసి ముందుకు సాగారు. ఆ సంయమనం నాకు నచ్చింది.

అయితే ఇదే తరగతిలో నాకు ఒక లోపం కనిపించింది. మాక్‌స్వీనీ దీక్షకు ముందురోజే, ఆగస్టు 11న, కార్క్ జైలులో ఖైదీలు దీక్ష మొదలుపెట్టారు. వారిలో మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ 67 రోజుల తరువాత అక్టోబరు 17న మరణించాడు. జోసెఫ్ మర్ఫీ 76 రోజులు ఉండి, మాక్‌స్వీనీ పోయిన అక్టోబరు 25నే పోయాడు. ఈ ఇద్దరి పేర్లూ తరగతిలో రాలేదు. నేను ఇంటికి వచ్చి చదువుకున్నాక తెలిశాయి. ప్రపంచ పత్రికలు లండన్ జైలు గుమ్మం ముందు నిలబడ్డాయి కనుక మేయర్ పేరు మిగిలింది, సొంత ఊరి జైలులో పోయినవారి పేర్లు వెనకబడ్డాయి. స్థానిక చరిత్ర అని పేరు పెట్టుకున్న తరగతి ఆ వెనకబడినవారినే ముందు కూర్చోబెట్టాలి కదా. తరువాతి వారం ఈ మాట అడిగితే, మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, తప్పు నాదేనని ఒప్పుకుని, నోటుపుస్తకంలో రాసుకున్నారు. వచ్చే జట్టుకు ఆ రెండు పేర్లూ వినిపిస్తాయని నమ్ముతున్నాను.

మూడో ఆదివారం జార్జ్ బూల్ గురించి. ఇది విద్యార్థులకు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన తరగతి, ఎందుకంటే అక్కడ కూర్చున్న తొమ్మిది మందిలో ఏడుగురు కంప్యూటర్ శాస్త్రమో డేటా శాస్త్రమో చదవబోతున్నవారే. నిజం, అబద్ధం అన్న రెండు విలువలతో ఆలోచనను బీజగణితంగా రాయవచ్చని చూపిన బూల్, ఇంగ్లండులో లింకన్ పట్టణంలో 1815లో ఒక చెప్పులు కుట్టేవాని ఇంట పుట్టి, విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే, 1849లో అప్పుడే తెరిచిన క్వీన్స్ కాలేజ్ కార్క్‌లో మొదటి గణితాచార్యుడయ్యాడు. ఆ కాలేజీయే నేటి యూనివర్సిటీ కాలేజ్ కార్క్. ఆయన ప్రధాన గ్రంథం 1854లో అక్కడ ఉండగానే వెలువడింది. 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ విద్యార్థి ఆ బీజగణితాన్ని విద్యుత్ స్విచ్‌లకు అన్వయించి చూపేవరకు అది ఎక్కువగా తర్కశాస్త్రజ్ఞుల సొత్తుగానే ఉండిపోయింది. మా అమ్మాయి నాలుగేళ్లు బూలియన్ అన్న మాట వాడి, అది ఒక మనిషి ఇంటిపేరని అక్కడే తొలిసారి విన్నదట. తాను చదవబోయే కాలేజీ గ్రంథాలయం పేరు కూడా బూల్ గ్రంథాలయమేనని తెలిసినప్పుడు దాని ముఖం చూడవలసింది.

బూల్ మరణం గురించి చెప్పిన తీరు కూడా బాగుంది. 1864 నవంబరులో ఆయన ఇంటి నుంచి కాలేజీకి దాదాపు మూడు మైళ్లు జోరువానలో నడిచి, తడిబట్టలతోనే పాఠం చెప్పి, జబ్బుపడి డిసెంబరు 8న మరణించాడు. వానలో తడిసి జబ్బు చేసింది కనుక నీటితోనే నయం చేయాలని భార్య తడిదుప్పట్లు కప్పిందన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. మాస్టారు దాన్ని కథగానే చెప్పారు, నిజంగా చెప్పలేదు. కార్క్‌లో వాన ఏ కాలంలోనైనా పడుతుందని, గొడుగు గాలికి నిలవదని, మంచి వానకోటు కొనుక్కోమని ఆ సందర్భంలోనే ఒక లౌకిక సలహా కూడా దొరికింది.

ఆ భార్య మేరీ ఎవరెస్ట్. ఇక్కడ గదిలో అందరూ ఒక్కసారి తలెత్తారు. ఆమె పెదనాన్నో బాబాయో అయిన జార్జ్ ఎవరెస్ట్ 1830 నుంచి 1843 వరకు భారత సర్వేయర్ జనరల్. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ అనే అధికారి మొదలుపెట్టిన త్రికోణమితి సర్వేను హిమాలయాల దాకా నడిపించినవాడు. శిఖరానికి తన పేరు పెట్టడం ఆయనకే ఇష్టం లేకపోయింది. మేరీ తరువాతి కాలంలో జగదీశ్ చంద్ర బోస్‌ను ఉద్దేశించి రాసిన ఒక బహిరంగ లేఖలో, ఎవరెస్ట్ భారతదేశంలో ఉండగా విన్న ఆలోచనల ప్రభావం బూల్ మీద కూడా ఉందని చెప్పింది. ఇలాంటి వాక్యం దొరికితే మనవాళ్లు ఎంతదూరం వెళతారో అందరికీ తెలుసు. కంప్యూటర్ మనదే అని ఒక తండ్రి అప్పుడే అనేశారు కూడా. అది భర్త పోయిన చాలా ఏళ్లకు భార్య చెప్పిన మాట, బూల్ సొంతంగా రాసిన మాట కాదు, దాన్ని అంతవరకే తీసుకోండి అని మాస్టారు మెత్తగా అడ్డుకట్ట వేశారు. నేను కట్టిన రుసుములో సగం ఆ ఒక్క వాక్యానికే చెల్లిందనుకున్నాను. బూల్ ఐదుగురు కూతుళ్లలో అలీషియా కాలేజీ మెట్లెక్కకుండానే నాలుగు పరిమాణాల జ్యామితిలో పరిశోధన చేయడం, లూసీ రసాయన శాస్త్రంలో, ఎథెల్ నవలా రచనలో పేరు తెచ్చుకోవడం కూడా చెప్పారు కానీ, అప్పటికే ఏడు దాటడంతో గబగబా ముగించారు. ఆ అమ్మాయిలకు ఒక అరగంట ఇచ్చి ఉంటే, గదిలో ఉన్న అమ్మాయిలకు చాలా ఉపయోగపడేది.

రెండో ఆదివారం గురించి తక్కువగానే చెబుతాను, ఎందుకంటే అది అంత బాగా సాగలేదు. విషయం లేక కాదు, ఎక్కువై. షాండన్ ప్రాంతంలో 1722లో కట్టిన సెయింట్ ఆన్ చర్చి గోపురానికి రెండు ముఖాలు ఎర్ర ఇసుకరాయితో, రెండు తెల్ల సున్నపురాయితో ఉంటాయి. నాలుగు వైపులా ఉన్న గడియారాలు ఒక్కో వైపు కొంచెం తేడాగా కాలం చూపిస్తాయి కనుక ఊరివారు దాన్ని నాలుగు ముఖాల అబద్ధాలకోరు అని పిలుస్తారు. పైకెక్కిన సందర్శకులు తామే తాళ్లు లాగి గంటలు మోగించవచ్చు. ఆ పక్కనే ఒకప్పుడు ప్రపంచంలోనే పేరుమోసిన వెన్న అంగడి ఉండేది. పల్లెల నుంచి వచ్చిన ఉప్పువెన్న పీపాలను పరీక్షించి, తరగతులుగా విడదీసి, ముద్ర వేసి ఓడలెక్కించేవారు. 1924లో అది మూతపడింది. మన పాల డెయిరీల ముందు వెన్నశాతం చూసి ధర కట్టడం ఎరిగినవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది, కానీ ఆ పోలిక చెప్పే తీరిక మాస్టారుకు లేకపోయింది. 1788లో తెరిచిన ఇంగ్లీష్ మార్కెట్ గురించి రెండే వాక్యాలు వచ్చాయి. ఇప్పటికీ చేపలు, మాంసం, కూరగాయలు అమ్ముతున్న ఆ అంగడి మా పూర్ణా మార్కెట్‌కు వెళ్లే అలవాటున్న పిల్లలకు మొదటివారమే పనికొచ్చే చోటు కదా.

ఆ రోజు నిలిచిన ఇద్దరు మనుషులు నానో నేగల్, ఫాదర్ మాథ్యూ. కాథలిక్కులు బడి పెట్టడం చట్టరీత్యా నిషేధమైన రోజుల్లో, 1750ల్లో, నానో నేగల్ సంపన్న కుటుంబంలో పుట్టి కూడా సొంతవారికి తెలియకుండా కోవ్ లేన్‌లో పేదపిల్లలకు బడి తెరిచింది. రాత్రిళ్లు లాంతరు పట్టుకుని రోగుల ఇళ్లకు నడిచేది. ఆమె 1775లో స్థాపించిన క్రైస్తవ సన్యాసినుల సంఘమే ప్రెజెంటేషన్ సిస్టర్స్‌గా 1842లో మద్రాసు చేరింది. ఫాదర్ మాథ్యూ 1838 నుంచి లక్షలాది మంది చేత మద్యం మానతామని ప్రమాణం చేయించినవాడు. 1864లో పాట్రిక్స్ స్ట్రీట్ చివర నిలిపిన ఆయన విగ్రహం ఊరివారికి ఇప్పటికీ వట్టి ‘విగ్రహం’. ఎవరినైనా కలుసుకోవాలంటే అక్కడికే రమ్మంటారు. మన జగదాంబ సెంటరులా అన్నమాట, అక్కడ నిలబడినవాడు సన్యాసి, ఇక్కడిది సినిమా హాలు అన్నదొక్కటే తేడా.

చివరి ఆదివారం కార్క్ దగ్గరున్న కోవ్ రేవు గురించి. 1849లో విక్టోరియా రాణి వచ్చివెళ్లాక క్వీన్స్‌టౌన్‌గా మారి, 1920లో పాత పేరుకు తిరిగివచ్చిన ఈ రేవు నుంచి దాదాపు 25 లక్షల మంది ఐర్లండు విడిచి వెళ్లారు. టైటానిక్ 1912 ఏప్రిల్ 11న చివరిగా ఆగింది అక్కడే. కార్క్‌కు చెందిన పదిహేడేళ్ల ఆనీ మూర్ తన ఇద్దరు తమ్ముళ్లతో అక్కడ ఓడెక్కి, 1892 జనవరి 1న న్యూయార్కులో కొత్తగా తెరిచిన ఎల్లిస్ ఐలండ్ కేంద్రం గుండా వెళ్లిన మొదటి వలసదారు అయింది. చాలాకాలం ఆమె టెక్సస్ వెళ్లి స్థిరపడిందని అందరూ నమ్మారు. 2006లో పత్రాలు వెతికి చూస్తే ఆ టెక్సస్ మనిషి వేరని, అసలు ఆనీ న్యూయార్కు దాటి పోలేదని, అక్కడే పేదవాడలో పిల్లలను పెంచి చనిపోయిందని తేలింది. జనన నమోదు పుస్తకం, ఓడ ప్రయాణికుల జాబితా, జనాభా లెక్క ఒకదానితో ఒకటి ఎలా సరిచూస్తారో మాస్టారు ఈ ఉదాహరణతో చూపారు. పోర్టులో మానిఫెస్టులు, అంటే ఓడ సరుకుల జాబితాలు, తిరగేసి బతికిన నాకు ఆ గంట గంటలా అనిపించలేదు.

అంతవరకు బాగుంది. మిగిలిన అరగంటలో ఇరవయ్యో శతాబ్దపు ప్రముఖులందరినీ ఒకే ఊపులో చెప్పేయాలని చూడడంతో తరగతి చెదిరింది. కథకులు ఫ్రాంక్ ఓకానర్, షాన్ ఓఫెలాన్, ప్రధాని జాక్ లించ్, ఫుట్‌బాల్ ఆటగాడు రాయ్ కీన్ ఒక్కొక్క ఫోటోగా వచ్చి వెళ్లిపోయారు. 1837లో షాండన్ దగ్గర బాప్తిస్మం పొంది, అమెరికాలో గని కార్మికుల తల్లిగా పేరుపొందిన మదర్ జోన్స్‌కు దక్కింది ఒకే ఒక్క వాక్యం. కార్మిక సంఘంలో తిరిగినవాణ్ణి కనుక నాకు అది కొంచెం గుచ్చుకుంది. ఇంకో సంగతి: మొదటి తరగతిలో వి.వి. గిరి గారు ఐర్లండులో చదివి, 1916లో అక్కడి నుంచి పంపివేయబడ్డారని పావుగంట చెప్పారు. మన తెలుగువారి కథ కనుక వినడానికి బాగుంది, కానీ ఆయన చదివింది డబ్లిన్‌లో. ఆ పావుగంట బూల్ కూతుళ్లకు చెందవలసినది.

సౌకర్యాల సంగతి. మేడమీది గదిలో రెండు ఫ్యాన్లు, ఒకటి తిరిగితే శబ్దం వల్ల పాఠం వినపడదు, ఆపితే ఉక్క. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారు చూసుకోవాలి. కరెంటు పోయిన రోజున మాస్టారు ప్రొజెక్టరు లేకుండానే సుద్దముక్కతో నదిపాయలు గీశారు. నిజానికి ఆ బొమ్మే అందరికీ బాగా అర్థమైంది. ఇచ్చే జెరాక్సు కాగితాలలో పేర్లు, సంవత్సరాలు ఉన్నాయి కానీ పటం లేదు. వీధుల ఆధారంగా నడిచే పాఠానికి పటం ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. రెండో వారం నుంచి మా అమ్మాయి తానే ఒక పెద్ద కాగితం మీద లీ నదిని గీసి, విన్న ప్రతి పేరునూ దాని చోట రాసుకుంటూ వచ్చింది. చివరిరోజు దాన్ని చూసి మిగతా ఎనిమిది మందీ ఫోన్లలో ఫోటో తీసుకున్నారు.

కార్క్‌కే వెళ్లేవారికి, లేదా అక్కడ పిల్లలున్నవారికి ఈ తరగతిని సందేహం లేకుండా సిఫారసు చేస్తాను. డబ్లిన్, గాల్వే వెళ్లేవారు మాత్రం 1,500 పెట్టే ముందు ఆలోచించుకోవచ్చు, ఇది ఒక్క ఊరి పాఠం. కొత్త జట్టు దసరా సెలవుల తరువాత మొదలవుతుందని చెప్పారు. చేరేవారు మొదటిరోజే పటం అడగండి, ఇవ్వకపోతే మళ్లీ అడగండి. కిటికీ పక్క కుర్చీలు రెండే ఉన్నాయి. వాటి కోసం పావుతక్కువ ఐదుకే వెళ్లాలి.